బ్యాండేజీ కట్టిన సొరకాయ

సొరకాయని గోటితో గిల్లి చూసేవాళ్ళంటే మా అత్తగారికి ఒళ్ళు మంట. "ఏవమ్మా, నీ బుగ్గ మీద నేను గోరు గుచ్చితే ఊరుకుంటావా?" అని ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళతో బజార్లో తగువు వేసుకునేవారు. ఆవిడ అక్కడ కొనేది ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ మాత్రమే. మిగతావన్నీ పెరట్లో కాస్తాయి. పరాయి సొరకాయల తరఫున పోట్లాడాల్సిన అవసరం ఆవిడకి లేనే లేదు. అలాంటప్పుడు నేను సంచి పట్టుకుని నాలుగడుగులు అవతల నిలబడి, ఆవిడెవరో నాకు తెలియనట్టు ఆకాశం వైపు చూసేవాణ్ణి.

మొన్న శనివారం తిరువూరు బస్టాండు దగ్గర కూరగాయలు కొంటుంటే, నా పక్కన ప్యాంటూ షర్టూ వేసుకున్న ఒక పెద్దమనిషి వరసపెట్టి సొరకాయలన్నిటికీ గోళ్ళు గుచ్చుతున్నాడు. "గోరు గుచ్చకండి సార్, దానికి నొప్పి" అన్నాను. అనేశాక నాకే సిగ్గేసింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కాయ అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. కొట్టు ఆవిడ మాత్రం పకపకా నవ్వింది. "అచ్చం మీ అత్తగారు, నర్సమ్మగారు, అన్నట్టే అన్నారండీ" అంది.

అత్తగారు పోయి నాలుగు నెలలైంది. సమాధి దగ్గర కూడా కుర్చీలూ టెంటూ చూసుకునే హడావుడిలో నాకు ఏడుపు రాలేదు. ఉల్లిపాయల తట్టల మధ్య నిలబడి ఆ రోజు ఏడ్చాను.

నేను అత్తగారింట్లోకి ఎలా వచ్చానో ముందు చెప్పాలి. మా ఆవిడ టీచరు. ఎ.కొండూరు వైపు ఒక బడికి ట్రాన్స్‌ఫర్ అయితే, విజయవాడలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, తిరువూరులో వాళ్ళమ్మగారింట్లో దిగాం. నాకూ ఇక్కడి ఆఫీసులోనే ఉద్యోగం కుదిరింది. "ఏంటి గురువుగారూ, ఇల్లరికమా?" అని తోటి ఉద్యోగులు ఏడిపించేవాళ్ళు. నవ్వేసేవాణ్ణి కానీ లోపల కొంచెం గుచ్చుకునేది. ఎంతైనా ఆ ఇంట్లో కుర్చీ జరపాలన్నా ఎవరినో అడగాలేమో అనిపించేది.

అత్తగారు గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యారని కాగితం ఇచ్చారు గానీ ఆవిడ దాన్ని ఒప్పుకున్నట్టు లేదు. వాచీ డయలు మణికట్టు లోపలి వైపుకి పెట్టుకునే అలవాటు పోలేదు. పొద్దున్నే ఆరింటికి, చేతులు వెనక్కి కట్టుకుని పెరట్లోకి వెళ్ళేవారు. ఆ వెళ్ళడాన్ని మేం రౌండ్సు అనేవాళ్ళం. ముందు బెండ, తర్వాత వంగ, ఆ తర్వాత టమాటా, గోంగూర మడి, కంచె మీద దొండ తీగ, చివర్లో బాత్రూము రేకుల మీదికి పాకించిన సొరపాదు. ఒక్కో మొక్క దగ్గరా ఆగేవారు. "ఏం నాయనా, రాత్రి నీళ్ళు ఎక్కువయ్యాయా?" "నీకేమొచ్చిందే, నిన్న బాగానే ఉన్నావుగా?" ఆవిడ మాట్లాడకుండా దాటిపోయిన మొక్క నాకు తెలిసి లేదు.

ఇంకో అలవాటుంది. కొమ్మ విరిగితే బ్యాండేజీ కట్టేవారు. ఏదో మాటవరసకి అంటున్నది కాదు. ఆసుపత్రిలో వాడే తెల్లటి బ్యాండేజీ గుడ్డే. రెండు పుల్లలు అటూ ఇటూ పెట్టి, ఎముక విరిగినవాళ్ళకి కట్టినంత శ్రద్ధగా చుట్టేవారు. తీగని కర్రకి కట్టాలన్నా అదే గుడ్డ, పాదుకి గుర్తు పెట్టాలన్నా అదే గుడ్డ. మా పెరడు చూసిన కొత్తవాళ్ళకి ఏదో యాక్సిడెంటు జరిగిందనిపించేది.

కాయ కోయడం ఆవిడ ఒక్కరి హక్కు. అదీ పొయ్యి మీద మూకుడు పెట్టాకే. "నూనె కాగిందా?" అని పెరట్లోంచి కేక. "కాగిందమ్మా" అని మా ఆవిడ జవాబు. అప్పుడు బెండకాయలు కోసి, నాలుగంగల్లో వంటింట్లోకి వచ్చి, కడిగి తుడిచి, చకచకా తరిగేసి, మణికట్టు తిప్పి టైము చూసుకునేవారు. "ఆరు నిమిషాలు." నిన్నటికంటే ఒక నిమిషం తగ్గితే ఆ రోజంతా హుషారే. ఒకసారి నేను, "అత్తయ్యా, మొక్కనే తెచ్చి పొయ్యి పక్కన నాటేస్తే పోలా?" అన్నాను. ఆవిడ నిజంగానే ఆలోచించారు. "వేళ్ళకి వేడి తగుల్తుంది బాబూ" అన్నారు.

ఇక భోజనాల సంగతి. విజయవాడలో మేం టీవీ చూస్తూ ఏం తింటున్నామో తెలియకుండా తినేవాళ్ళం. ఇక్కడ అలా కుదరదు. నలుగురం కింద చాప మీద కూర్చోవాలి. అత్తగారు వడ్డిస్తూ ప్రతిదానికీ ఊరూ పేరూ చెబుతారు. "ఈ వంకాయ గోడవారది. నిన్నటిది పంపు దగ్గరది, అది కొంచెం వగరు. ఇది తిని చూడండి, వెన్నలా ఉంటుంది." మొదట్లో నాకు తేడా తెలిసేది కాదు. తెలిసినట్టు తలూపేవాణ్ణి. ఆవిడ నా మొహం చూసి పసిగట్టి, "మీకు తెలియలేదులెండి" అని ఇంకో ముక్క వేసేవారు. మూడు నెలలకి నాకు నిజంగానే తెలియడం మొదలైంది. గోడవారి వంకాయని నోట్లో పెట్టుకోగానే గుర్తుపట్టిన రోజున, పరీక్ష పాసైనంత సంబరపడ్డాను. అత్తగారు నా కంచంలో నెయ్యి రెండోసారి వేశారు. ఆవిడ రెండోసారి నెయ్యి వేయడం చిన్న విషయం కాదు.

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. వాళ్ళ అమ్మమ్మ శిష్యురాలు. పచ్చి బెండకాయ కరకరా నమిలేది. చుక్కకూర పప్పు ఉంటే ఇంకేదీ ముట్టేది కాదు. దొండకాయ వేపుడు కోసం నాతో కొట్లాడేది. అమ్మమ్మా మనవరాలూ ఎదురెదురుగా కూర్చుని, కంచాలు ఖాళీ చేసి ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు. ఆ చాప మీద కూర్చున్నంతసేపు నేను ఇల్లరికం సంగతి మర్చిపోయేవాణ్ణి.

ఆ ఏడు వానలకి ఊళ్ళో జ్వరాలు మొదలయ్యాయి. మా పిల్లకీ వచ్చింది. రెండో రోజుకే డెంగ్యూ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయంటే విజయవాడ తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ వారం రోజులు నేనూ మా ఆవిడా ఎలా గడిపామో చెప్పను, అలాంటివి పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. వారానికి జ్వరం తగ్గింది, లెక్కలన్నీ బాగున్నాయన్నారు, ఇంటికి తెచ్చుకున్నాం. కానీ పిల్ల తినడం మానేసింది.

మారాం కాదు. ముద్ద దగ్గరికి తెస్తే మొహం పక్కకి తిప్పేసుకునేది, అంతే. మజ్జిగా గ్లూకోజు నీళ్ళూ చెంచాతో పోస్తే మింగేది. అత్తగారు రోజుకో రకం చేశారు. చుక్కకూర పప్పు, బీరకాయ పాలు పోసి, టమాటా చారు, దానికి ప్రాణమైన దొండకాయ వేపుడు. పిల్ల కంచం వంక చూసి కళ్ళు మూసుకునేది. మా ముగ్గురికీ మాత్రం ముద్ద దిగుతుందా? అన్నీ కాస్తూనే ఉన్నాయి, కోస్తూనే ఉన్నారు, వండుతూనే ఉన్నారు. చాప మీద మాటల్లేవు. ఏ వంకాయ ఎక్కడిదో ఆవిడ చెప్పడం మానేశారు. టైము చూసుకోవడం కూడా మానేశారు. పొద్దున రౌండ్సుకి వెళ్ళినా దొండ తీగ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తున్నారని గమనించాను. దిగులుకి ఓపిక లేక అనుకున్నాను.

ఇంటికొచ్చిన ఐదో రోజు శనివారం. మా ఆవిడ బడికి వెళ్ళింది. అత్తగారు స్త్రీల కూడిక ఉందని చర్చికి వెళ్ళారు. నేను సెలవు పెట్టి పిల్ల దగ్గర కూర్చున్నాను. పదకొండు గంటలప్పుడు, గోడ వైపు తిరిగి పడుకున్న పిల్ల, అటే చూస్తూ, "నాన్నా, ఇవాళ కూరేంటి?" అంది.

పన్నెండు రోజుల్లో కూర సంగతి అడగడం అదే మొదలు. "నీకేం కావాలమ్మా?" అన్నాను, గట్టిగా అంటే ఆ కోరిక ఎగిరిపోతుందేమోనని మెల్లగా. "సొరకాయ. పాలు పోసింది" అంది.

పరుగెత్తుకుంటూ పెరట్లోకి వెళ్ళాను. కోసే హక్కు ఎవరిదో ఆ క్షణాన నాకు గుర్తుకు రాలేదు, వచ్చినా ఆగేవాణ్ణి కాదు. సొరపాదుకి అన్నీ పిందెలే, ఒక్కటే పెద్ద కాయ. తొడిమ దగ్గర బ్యాండేజీ గుడ్డ కట్టి ఉంది. పాపం, తొడిమ విరిగినట్టుంది, ఎలాగూ రాలిపోయే కాయేగా అనుకుని కోసేశాను. తొక్క తీస్తుంటే కొంచెం గట్టిగానే ఉంది. లోపల గింజ అప్పుడప్పుడే ముదురుతోంది. గింజలు తీసేసి, ఎప్పుడో బ్రహ్మచారిగా ఉన్నప్పటి వంట విద్యంతా గుర్తు తెచ్చుకుని, పాలు పోసి వండాను. మా అమ్మాయి లేచి, గోడకి ఆనుకుని కూర్చుని, మెత్తగా కలిపిన అన్నం రెండుసార్లు పెట్టించుకుని తింది. మూతి తుడుచుకుని నిద్రపోయింది. నేను కంచం ఎదురుగా కూర్చుని దాని వంకే చూస్తూ ఉండిపోయాను.

శనివారం ఒంటిపూట బడి కావడంతో మా ఆవిడ మధ్యాహ్నానికే వచ్చింది. సంగతి చెబుతుంటే తన మొహం వెలిగిపోయింది. అంతలో వంటగట్టు మీద ఉన్న గుడ్డపీలిక చూసింది. "ఇదెక్కడిది?" అంది.

"తొడిమకి కట్టుంది. మీ అమ్మ ఆ కాయకి కూడా ఆపరేషన్ చేసినట్టున్నారు."

మా ఆవిడ స్టూలు మీద కూలబడింది. "అది కట్టు కాదండీ. మొక్కుబడి. మనం ఆసుపత్రిలో చేరిన రోజున అమ్మ ఆ పిందెకి గుడ్డ కట్టి ప్రార్థన చేసిందట. పిల్ల లేచి అన్నం తిన్న రోజున ఆ కాయ కోసి మందిరానికి తెస్తానని దేవుడికి మాటిచ్చింది. మీకు చెప్పడం నేనే మర్చిపోయాను."

నేను ఇలాంటివి పెద్దగా పట్టించుకునే రకం కాదు. ఆదివారాలు చర్చిలో వెనక వరసలో కూర్చుని కునికిపాట్లు పడేవాణ్ణి. అయినా ఆ మాట వినగానే లేచి వెళ్ళి పిల్ల నుదురు పట్టుకు చూశాను. చల్లగానే ఉంది. ఐదు నిమిషాలాగి మళ్ళీ చూశాను. దేవుడికిచ్చిన కాయని ఇంట్లో వండేశాం, తిన్నది పిల్ల. మళ్ళీ జ్వరం వస్తే? చదువుకున్న చదువంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఎటు పోయిందో తెలియలేదు. దానికి తోడు, ఆవిడకి ఏమని మొహం చూపించను? వాళ్ళింట్లో ఉంటూ, వాళ్ళ పెరట్లో దొంగతనంగా కోసి, వాళ్ళ మొక్కుబడి తినేసినవాణ్ణి నేను.

బండి తీసుకుని బజారుకి వెళ్ళి, సరిగ్గా అంతే ఉన్న సొరకాయ కొనుక్కొచ్చాను. మా ఆవిడ వద్దంటున్నా వినలేదు. "అమ్మకి తెలిసిపోతుందండీ, తన కాయలు తనకి తెలియవా?" అంటూనే ఉంది. సన్నటి వైరుతో దాన్ని పాదుకి వేలాడదీసి, తొడిమకి ఆ గుడ్డపీలిక కట్టి, నాలుగు ఆకులు అడ్డం జరిపాను.

సాయంత్రం అత్తగారు వచ్చారు. చెప్పులు విడుస్తూనే, "పిల్ల?" అన్నారు.

"తిందమ్మా, రెండుసార్లు" అంది మా ఆవిడ. ఏం కూరో చెప్పలేదు. అత్తగారు పిల్ల దగ్గరికి వెళ్ళి నాడి చూశారు, కళ్ళు చూశారు, కడుపు తడిమారు. ఏమీ అనకుండా నేరుగా పెరట్లోకి నడిచారు. నేను కిటికీ దగ్గరికి చేరాను. ఆవిడ ఈసారి దొండ తీగ దగ్గర ఆగలేదు. బాత్రూము దాకా వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ కాయ ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత దాన్ని మెల్లగా తిప్పి చూశారు. దాని అవతలి వైపు బజార్లో ఎవరో గుచ్చిన గోటి గాటు ఎర్రగా కమిలి ఉంది. కంగారులో నేను అది చూసుకోలేదు.

లోపలికొచ్చి, గిన్నె మూత తీసి, మిగిలిన కూర కొంచెం నాలిక మీద వేసుకున్నారు. "ఉప్పు తగ్గింది" అన్నారు. అంతే. మొక్కలతో కూడా మాట్లాడే మనిషి ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడకపోయేసరికి, చెంప మీద కొట్టినా ఇంతకంటే నయమనిపించింది.

మర్నాడు ఆదివారం. పిల్లకి జ్వరం రాలేదు. పొద్దున రెండిడ్లీ తింది. దాన్ని ఎత్తుకుని అందరం చర్చికి వెళ్ళాం. దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో అత్తగారు లేచి నిలబడ్డారు.

"అయ్యగారూ, మా మనవరాలు లేచి అన్నం తింటే దేవుడికి ఒక సొరకాయ ఇస్తానని మొక్కుకున్నాను. ఆ సొరకాయ మా అల్లుడుగారు వండేశారు" అన్నారు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు మొదలైంది. ఆవిడ ఆగలేదు. "పిల్ల తినేసింది. దానికి బదులు బజారు కాయ తెచ్చి నా పాదుకి వేలాడదీశారు. వైరుతో. దానికెవరో గోరు గుచ్చారు. అలాంటిది దేవుడికి ఎలా ఇవ్వను?"

చర్చి చర్చంతా నవ్వింది. ముందు వరసల్లో ఉన్నవాళ్ళందరూ నా వైపే తిరిగారు. నేను పిల్లని మొహానికి అడ్డం పెట్టుకున్నాను. పాస్టరు అయ్యగారు నవ్వు ఆపుకుంటూ, "మొక్కు ఏమనమ్మా? పిల్ల తింటే అనేగా?" అన్నారు.

"అవునండి."

"తిందా?"

"తిందండి. రెండుసార్లు."

"అయితే ఇంకేం కావాలమ్మా? కూర్చోండి."

ఆవిడ కూర్చున్నారు. నాకు ఊపిరి సగమే వచ్చింది. అయ్యగారు క్షమించారు, దేవుడి సంగతి ఆయన చూసుకుంటారు, అత్తగారి సంగతేంటి?

ఇంటికి నడిచి వస్తున్నాం. మెయిన్ రోడ్డు మీద విజయవాడ బస్సు హారన్ కొట్టుకుంటూ పోతోంది. మా ఆవిడ పెరుగు కొనడానికి ఒక కొట్టు దగ్గర ఆగింది. ఇక ఉండబట్టలేక, "అత్తయ్యా, నన్ను తిట్టండి. మాట్లాడకుండా మాత్రం ఉండకండి" అన్నాను.

ఆవిడ ఆగిపోయారు. "తిట్టడమెందుకు బాబూ? మీకు తెలియదు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో చేశాను. ఎంతమంది తల్లులకి ధైర్యం చెప్పానో లెక్కలేదు. నా పిల్ల దగ్గరికొచ్చేసరికి నాకే ధైర్యం చాలక, పోయి సొరపిందెకి గుడ్డ కట్టాను. కట్టాక తెలిసింది నేనెంత పిచ్చిపని చేశానో. పిల్ల తినదు. తినేదాకా కాయ కోయకూడదు. అదేమో ఆగదు కదా? రోజుకింత ముదురుతోంది. అది ముదిరి బుర్ర అయిపోయేలోపు పిల్ల తినకపోతే దేవుడు కాదన్నట్టే కదా అని, పొద్దున లేచి అటు వెళ్ళాలంటే మనసొప్పేది కాదు. నాలుగు రోజుల నుంచి ఆ పాదు మొహం చూడలేదు."

నేను పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను.

"నిన్న ఆ దొంగకాయని చూశాను. అసలుది లేదని అర్థమైంది. కోపం వస్తుందనుకున్నారా? బతికాను దేవుడా అనుకున్నా. మీరు కోసెయ్యకపోతే నేను దాన్ని తలుచుకుని తలుచుకుని చచ్చేదాన్ని."

"మరి నిన్ననే ఆ మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా! నేను రాత్రంతా కన్ను మూయలేదు."

"నోరు తెరిస్తే ఏడుపొస్తుందని భయమేసింది" అన్నారు. అంటుండగానే వచ్చేసింది. ఎవరి ఎదుటా కంటతడి పెట్టని ఆ మనిషి, చర్చికి కట్టుకున్న కొత్త చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నడిరోడ్డు మీద వెక్కి వెక్కి ఏడ్చారు. అది బాధతో వచ్చిన ఏడుపు కాదు. నా కళ్ళు కూడా తడిసిపోయాయి. ఆవిడ నాకు పరాయి మనిషి ఎంతమాత్రం కాదని, మా ఇద్దరికీ ఉన్నది ఒకటే భయమని, అది ఇద్దరికీ ఒక్కసారే వదిలిందని అప్పుడు తెలిసింది.

నా భుజం మీద ఉన్న పిల్లకి ఈ గొడవేమీ పట్టలేదు. ఎండ, పైగా చర్చిలో ఆలస్యమైంది. వంగి వాళ్ళ అమ్మమ్మ కొంగు పట్టి లాగింది. "అమ్మమ్మా, ఆకలేస్తోంది."

అత్తగారి ఏడుపు టక్కున ఆగిపోయింది. కొంగు మొహం మీంచి తీసి, "ఏమన్నావ్?" అన్నారు.

"ఆకలేస్తోంది అన్నాను."

"ఇంకోసారి అనవే."

మా అమ్మాయికి విసుగొచ్చింది. నా మెడ పట్టుకుని, పైకి లేచి, రోడ్డవతల టీ కొట్టు దాకా వినబడేట్టు అరిచింది.

"ఆకలేస్తోందీ!"